నీళ్ళు కుదురుకునేదాకా

ఆ పిల్లని ఇంట్లోవాళ్ళంతా నత్త అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది పెద్దమ్మ. కొత్తవాళ్ళు ఎవరైనా గడప తొక్కితే చాలు, పిల్ల తలుపు వెనక్కో మంచం వెనక్కో జరిగిపోయేది. "అదిగో, లోపలికి ముడుచుకుంది" అని పెద్దమ్మ నవ్వేది. పదిహేనేళ్ళు వచ్చినా ఆ పేరు పోలేదు. బళ్ళో టీచరు అడిగినదానికి జవాబు తెలిసి కూడా నత్త నీళ్ళు నమిలేది. మాట నోటిదాకా వచ్చి పెదాల దగ్గర ఆగిపోయేది.

వాళ్ళ నాన్న ఫ్రిజ్ మెకానిక్. ఫ్రిజ్ గానీ ఏసీ గానీ ఎంత మొరాయించినా ఆయన చెయ్యి పడితే దారికొచ్చేది. ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. ఎవరికి ఏం కావాలో ఆయనే అనుకునేవాడు, ఆయనే చేసేసేవాడు. అమ్మ నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి వంటగది గోడకి కొత్త కిటికీ ఉండేది. ఇంకోసారి ఆమె కుట్టుమిషను మాయమై, ఆ చోట బట్టలుతికే మిషను కూర్చుని ఉండేది. "నీకు నడుం నొప్పి కదా, అందుకే" అనేవాడు సంబరంగా. ముందు నన్నో మాట అడగొచ్చు కదా అని అమ్మ ఎప్పుడూ అనలేదు. "మీ ఇష్టం" అనేది. ఆమెకి నచ్చిందనే నాన్న అనుకునేవాడు. పదహారేళ్ళు అలాగే అనుకున్నాడు.

అమ్మ రంగు చేపల దుకాణంలో పని చేసేది. అందులో ఉప్పునీళ్ళ తొట్టెలన్నీ ఆమెవే. తొమ్మిదేళ్ళ పని. ఏ చేపకి నలతగా ఉందో అది రెక్క ఆడించే తీరు చూసి చెప్పేసేది. రోజంతా ఉప్పునీళ్ళలో నాని ఆమె వేళ్ళు పగిలిపోయేవి. కిందటి చలికాలంలో ఆ వేళ్ళని చూసి చూసి, ఒకరోజు నాన్న తిన్నగా దుకాణానికే వెళ్ళాడు. "రేపట్నుంచి మా ఆవిడ పనికి రాదండీ, వేరే మనిషిని చూసుకోండి" అని చెప్పొచ్చేశాడు. దారిలో వేళ్ళకి రాసుకునే మందు కూడా కొన్నాడు.

అమ్మ గొడవ పెట్టుకోలేదు. అలాగని 'మీ ఇష్టం' అని కూడా అనలేదు. మందు సీసాని అలమరాలో పెట్టి, అటక మీంచి పెద్ద సంచీ దించింది. పెద్దమ్మ వాళ్ళ ఊరికి బస్సులో మూడు గంటలు. నాన్న గుమ్మంలో నిలబడి, "నీ మంచికే కదే చెప్పాను" అన్నాడు. అమ్మ చెప్పులు వేసుకుంటూ, "తొమ్మిదేళ్ళండీ" అంది. అంతే, ఇంకో మాట లేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నత్త, అమ్మ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. మాట్లాడుకునేవాళ్ళు అనడమే గానీ, అటు అమ్మ, ఇటు నత్త ఊపిరి వింటూ కూర్చునేవాళ్ళు. తిన్నావా, తిన్నాను. చదివావా, చదివాను. తర్వాత ఏం అడగాలో ఇద్దరికీ తోచేది కాదు. అలాంటి ఒక సాయంత్రం, ఏదో ఒకటి అనాలి కాబట్టి నత్త అంది:

"అమ్మా, మనింట్లో ఉప్పునీళ్ళ తొట్టె పెట్టుకుంటే ఎలా ఉంటుంది?"

ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి అమ్మ ఎన్నో తొట్టెలు పెట్టొచ్చింది. మనమూ ఒకటి పెట్టుకుందాం అని ఎప్పుడో ఒక్కసారి అంది. ఇల్లు ఇరుకు అన్నాడు నాన్న. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఇప్పుడు ఫోన్లో వచ్చిన గొంతు వేరుగా ఉంది. దుకాణంలో ఉన్నప్పటి గొంతు.

"మూడడుగుల పొడుగన్నా ఉండాలి. చిన్నదైతే నీళ్ళు తొందరగా పాడవుతాయి. కిటికీ దగ్గర పెట్టకండి, ఎండ తగిలితే నాచు పట్టేస్తుంది. పుస్తకం తెచ్చుకో, రాసుకో."

ఫోను స్పీకర్లో పెట్టి, పాత లెక్కల పుస్తకాన్ని వెనక వైపు నుంచి తెరిచి నత్త రాసుకుంది. పేజీ నిండాక అడిగింది: "నువ్వొచ్చి చూస్తావా?"

"నీళ్ళు కుదురుకున్నాక వస్తాను."

"వచ్చి... ఉంటావా?"

అటు నుంచి పెద్దమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. "ముందు నీళ్ళు కుదరనీ. చూద్దాం" అంది అమ్మ.

ఆ ఒక్క 'చూద్దాం' చాలు నత్తకి. ఆ రాత్రి పుస్తకాన్ని తలకింద పెట్టుకుని పడుకుంది. నీళ్ళు కుదిరితే అమ్మ వస్తుంది. ఆ నీళ్ళలో ఏదైనా బతికితే అమ్మ ఉంటుంది. ఎవరూ అనని ఈ రెండో మాట దాని మనసులో పడి పాతుకుపోయింది.

నాన్న వరండాలో ఏదో మోటారు విప్పుతూ ఇదంతా విన్నాడు. వినలేదన్నట్టు ఊరుకున్నాడు. మూడో రోజుకల్లా మూడడుగుల గాజు తొట్టె ఇంటికొచ్చింది. దాని కింద పెట్టడానికి ఇనుప బల్ల ఆయనే వెల్డింగు చేశాడు. ముందు గదిలో కిటికీ పక్కన నిలబెట్టి చేతులు దులుపుకున్నాడు.

నత్త పుస్తకం తెరిచి పైకి చదివింది. "కిటికీ దగ్గర పెట్టకండి, ఎండ తగిలితే నాచు పట్టేస్తుంది."

నాన్న వెంటనే బల్లని లోపలి గోడకి జరిపాడు. నత్తకి ఆశ్చర్యం వేసింది. తన మాటగా చెప్పాలంటే పెగలని గొంతు, అమ్మ మాటగా చదవాలంటే హాయిగా లేస్తోంది. అప్పట్నుంచి ఏది చెప్పాలన్నా పుస్తకంలోంచి చదివేది.

ఉప్పు పొడీ, తెల్లటి ఇసుకా, సముద్రపు రాళ్ళూ తేవడానికి ఇద్దరూ అమ్మ పనిచేసిన దుకాణానికి వెళ్ళారు. నాన్న వీధిలోనే ఆగిపోయాడు, లోపలికి రావడానికి మొహం చెల్లక. దుకాణం ఆయన నత్తని చూసి, "మీ అమ్మ మానేశాక నా చేపలు కూడా మొహం మాడ్చుకున్నాయమ్మా" అన్నాడు. చిల్లులు చిల్లులుగా ఉన్న బూడిదరంగు రాళ్ళని తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. "ఇవి రాళ్ళు కావు, ఊళ్ళు. కంటికి కనపడని పురుగులు కాపరాలు చేస్తుంటాయి లోపల. ఎండనివ్వకు." దారి పొడుగునా నత్త వాటిని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంది.

బకెట్లో ఉప్పు కలపడం నాన్న పని. ఉప్పు కొలిచే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోస్తే అందులో ముల్లు లేస్తుంది. ముల్లు పచ్చగీత మీద నిలబడాలి.

"నిలబడిందా?"

"ఇంకో గుప్పెడు, నాన్నా."

"ఇప్పుడు?"

"ఎక్కువైంది."

"మీ అమ్మ వంటలో ఉప్పు గురించి నేను ఒక్కరోజు మాట్లాడానా చెప్పు! ఇక్కడ ముల్లు చేత మాట పడుతున్నాను."

తొట్టె నిండాక ఇసుక మబ్బు దిగడానికి రెండు రోజులు పట్టింది. అద్దం మీద నీళ్ళ మట్టం దగ్గర నత్త నల్ల టేపు ముక్క అంటించింది. రోజూ కొంచెం నీరు ఆవిరైపోతుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, తొట్టెలోనే ఉంటుంది. అందుకని తగ్గిన మేరకి మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోయకూడదు. ఇది అమ్మ మూడుసార్లు చెప్పింది, నత్త మూడుసార్లూ రాసుకుంది.

తర్వాత అసలు పరీక్ష మొదలైంది. ఖాళీ నీళ్ళలో ఒక పచ్చి రొయ్య ముక్క వేసి వదిలేయమంది అమ్మ. అది కుళ్ళాలి, నీళ్ళు పాడవ్వాలి, పాడైన నీళ్ళని బాగుచేసే పురుగులు పుట్టాలి. ఆ తర్వాతే ప్రాణమున్నదేదైనా వెయ్యాలి. తొట్టె ముందు ముక్కు మూసుకుని నాన్న, "చేపలకంటే ముందు కంపొచ్చిందే నత్తమ్మా" అన్నాడు. వారం, రెండు వారాలు, నాలుగు వారాలు. నత్త సన్నటి గాజు గొట్టంలో తొట్టె నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసేది. నీళ్ళు ఆకుపచ్చగా మారితే ఇంకా విషముందని లెక్క. రంగు ఏంటో సాయంత్రం ఫోన్లో చెప్పేది. అమ్మ, "లేతాకా, ముదురాకా?" అని అడిగేది. వెనకనుంచి పెద్దమ్మ, "తల్లీకూతుళ్ళకి ఇంక మాటలే లేవుటే! ఆకుపచ్చా, ఉప్పూ!" అని అరిచేది. అమ్మ నవ్వాపుకోవడం నత్తకి తెలిసేది. వరండాలో నాన్న రెంచీ చప్పుడు ఆగేది, ఆ నవ్వు సరిగ్గా వినపడాలని.

నాన్న ఇంట్లో లేని ఒక సాయంత్రం అమ్మ ఇంకో సంగతి చెప్పింది. "చేతులు పెట్టేముందు ఉంగరాలు, గాజులు తీసెయ్యి. రాగి, ఇత్తడి ఏవీ నీళ్ళకి తగలకూడదు. రొయ్యకి, నత్తకి రాగి అంటే విషం. చుక్కంత కలిసినా బతకవు."

"నాన్న చేతులనిండా రాగే కదమ్మా, ఆ గొట్టాలూ అవీ..."

"అందుకే మీ నాన్నని మటుకు చెయ్యి పెట్టనివ్వకు" అని అమ్మ గట్టిగా నవ్వేసింది. దాచుకోకుండా, నెలల తర్వాత. నత్త ఆ మాటలు యథాతథంగా రాసింది, నవ్విన చోట చిన్న గీత కూడా గీసింది. కానీ ఆ పేజీ నాన్నకి చదివి వినిపించలేదు. 'మీ నాన్నని చెయ్యి పెట్టనివ్వకు' అని ఎలా చదువుతుంది? ఆయన ఏమనుకుంటాడు? ఆ ఒక్క పేజీ తిప్పేసింది.

ఆరో వారంలో గాజు గొట్టంలో నీళ్ళు పసుపుపచ్చగానే నిలిచాయి. "కుదిరాయే!" అంది అమ్మ, తనకి పరీక్షలో మార్కులొచ్చినట్టు. మొదట రెండు నత్తలు వచ్చాయి. "మా ఇంట్లో నత్తలు మూడయ్యాయి" అని నాన్న వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. తర్వాత తెల్లచారలున్న రెండు నారింజరంగు చేపలు. ఆఖర్న ఎర్రటి వీపు మీద తెల్లగీత, పొడుగు తెల్లమీసాలు ఉన్న రొయ్య. అమ్మకి అన్నిటికంటే రొయ్యలంటేనే ఇష్టం. నత్త వేలు నీళ్ళలో పెడితే అది దగ్గరికొచ్చి గోటి అంచుని శుభ్రం చేసేది. "అది చెయ్యి పట్టిందంటే తొట్టె నిన్ను నమ్మినట్టే" అంది అమ్మ.

ఒక పొద్దున్న రొయ్య ఇసుక మీద పడి ఉంది. నత్త ఏడుస్తూ ఫోన్ చేసింది. "వెలుతురికి ఎదురుగా పట్టి చూడు, లోపల ఖాళీగా ఉందా?" అంది అమ్మ. ఖాళీగానే ఉంది, పల్చటి ప్లాస్టిక్ కాగితంలా. "అది పాత చొక్కా. పెరిగినప్పుడల్లా విప్పేస్తుంది. కొత్త ఒళ్ళు మెత్తగా ఉంటుంది కదా, ఎక్కడో రాళ్ళ వెనక దాక్కుని ఉంటుంది." నాన్న టార్చి పట్టుకుని వెతికితే నిజంగానే రాతి చిల్లులోంచి రెండు మీసాలు కదిలాయి. తండ్రీకూతుళ్ళు నేల మీద చతికిలబడి నవ్వారు. "నన్ను చూసి నేర్చుకోవే, చొక్కా మార్చినా చెప్పకుండా మార్చను" అన్నాడు నాన్న రొయ్యతో, గ్రీజు మరకల బనీను చూపించి.

అంతలో ఎండలు ముదిరాయి. నీళ్ళలోని థర్మామీటరు ముప్ఫై దాటింది. మూత తీసి ఫ్యాను గాలి తగలనిమ్మంది అమ్మ. అలా చేస్తే ఇరవై తొమ్మిదికి దిగింది, అంతకంటే దిగలేదు. "ఇరవై ఆరుంటే బావుండును. పర్లేదు, ఫ్యానుతో నెట్టుకొద్దాం. వచ్చే ఆదివారం నేనే వచ్చి చూస్తాగా" అంది. మళ్ళీ తనే, "పెద్ద సంచీయే తెస్తున్నా" అంది.

నత్త ఫోను గుండెకి అదుముకుని నిలబడిపోయింది. వరండాలో నాన్న లేచి నిలబడ్డాడు. ఆయనా విన్నాడు. గదిలోకొచ్చి, ఎప్పుడూ లేనిది, తలుపు మీద రెండుసార్లు తట్టి అడిగాడు: "ఎంతుండాలంది?"

"ఇరవై ఆరు, నాన్నా."

"ఇరవై ఆరేనా!" ఆయన మొహంలో దీపం వెలిగింది. చేపలూ పురుగులూ ఆయనకి తెలియవు. కానీ చల్లబరచడం? అది ఆయన కళ్ళు మూసుకుని చేసే పని.

శుక్రవారం నత్త బడినుంచి వచ్చేసరికి తొట్టె పక్కన ఒక పాత ఫ్రిజ్ కంప్రెసర్ మెత్తగా గుర్రుమంటోంది. దాన్నుంచి వచ్చిన గొట్టం తొట్టె అంచు మీదుగా నీళ్ళలోకి దిగి, ఒక మూలగా చుట్టలు చుట్టలుగా, ఎక్కడా వంకర లేకుండా, కొలిచి అల్లిన జడలా నిలబడి ఉంది. కొత్త రాగి గొట్టం. నీళ్ళలో అది నిప్పు రంగులో మెరుస్తోంది. థర్మామీటరు సరిగ్గా ఇరవై ఆరు చూపిస్తోంది.

"రెండు రోజులు పనికి కూడా వెళ్ళలా" అన్నాడు నాన్న. "పాత గొట్టం అనుకుంటున్నావేమో, కొత్తది. రాగి అయితే వేడిని గబుక్కున లాగేస్తుంది. ఎలా ఉంది?"

నత్తకి పుస్తకంలో ఆ పేజీ ఏ మూల మడత ఉందో కూడా కళ్ళముందు కనిపించింది. నోరు తెరిచింది. నాన్న మెడ చుట్టూ తువ్వాలు, నుదుటన చెమట, నెలల తర్వాత ఆయన ఈల వేస్తున్నాడు. గోడకి ఆదివారం కోసం ఇస్త్రీ చేసిన చొక్కా వేలాడుతోంది.

"బావుంది నాన్నా" అంది.

అన్నం తిన్నాక చెబుదామనుకుంది. తిన్నాక, ఒక్క రాత్రికి ఏమవుతుందిలే, పొద్దున్న ఆయన పనికెళ్ళగానే స్విచ్ ఆపి గొట్టం పైకి తీసేస్తాను, ఆయన నొచ్చుకోకుండా పని అయిపోతుంది అనుకుంది. పొద్దున్న నాన్న పనికి వెళ్ళలేదు. కొత్త మిషను కదా, దగ్గరుండి చూసుకోవాలన్నాడు. నత్త చెప్పులేసుకుంటూ, "నాన్నా, ఆ గొట్టం..." అంది.

"దాన్ని మటుకు ముట్టుకోకు, కరెంటుంది" అని నాన్న మొదలుపెట్టి, గ్యాసు ఎలా తిరుగుతుందో, చల్లదనం ఎక్కడ పుడుతుందో వేళ్ళతో గాల్లో గీసి చూపించాడు. చెప్పడం పూర్తయ్యేసరికి బడి వేళ దాటిపోతోంది. నత్త తలకాయ ఊపి వెళ్ళిపోయింది. దారంతా ఆ మాటని పళ్ళ మధ్య పెట్టుకునే నడిచింది.

మధ్యాహ్నం వచ్చేసరికి రెండు నత్తలూ గాజు మీంచి రాలి ఇసుకలో వెల్లకిలా ఉన్నాయి, నిద్రపోతున్నాయనుకున్నాడు నాన్న. రొయ్య ఒక మూల నిలబడి ఉంది. వేలు పెడితే రాలేదు. మీసాలు ఆడించడం లేదు.

"ఏంటే అలా ఉంది? మళ్ళీ చొక్కా మారుస్తుందేమో?" అన్నాడు నాన్న.

అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. ఎదురుగా మనిషి ఆశగా చూస్తున్నాడు. "అవును నాన్నా, మారుస్తుందేమో" అంది నత్త. ఆ సాయంత్రం ఫోన్లో అమ్మ, "అన్నీ బావున్నాయా?" అంటే, "బావున్నాయి" అంది. "రొయ్య ఏం చేస్తోంది?" అంటే, "నీకోసం చూస్తోంది" అంది. అమ్మ మురిసిపోయింది. నాన్న పెరట్లో బట్టలు ఆరేస్తుండగా చూసుకుని నత్త స్విచ్ ఆపింది. ఆయన లోపలికొచ్చి, "కరెంటు పోయిందా ఏంటి?" అనుకుంటూ మళ్ళీ వేసేశాడు.

ఆదివారం పొద్దున్న రొయ్య పక్కకి ఒరిగి ఉంది.

"చూశావా, మీ అమ్మ వచ్చేవేళకి కొత్త చొక్కా!" అని నాన్న సంబరంగా టార్చి తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళ చిల్లులన్నిట్లోకీ ఒక్కొక్కటిగా వెలుతురు వేసి వెతకడం మొదలుపెట్టాడు. "రామ్మా, బయటికి రా. ఎవరొస్తున్నారో చూడు. సిగ్గుపడకు."

నత్త చేత్తో దాన్ని బయటికి తీసి వెలుతురికి ఎదురుగా పట్టింది. ఖాళీగా లేదు. బరువుగా, తెల్లగా, నిండుగా ఉంది. దాన్ని పిడికిట్లో మూసేసుకుంది. నాన్న ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

వీధి గేటు చప్పుడైంది. అమ్మ వచ్చింది. చేతిలో పెద్ద సంచీ. మెట్ల మీదే చెప్పులు వదిలి, నత్త తల నిమిరి, నవ్వుతూనే గదిలోకొచ్చింది. తొట్టె దగ్గరికి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఆమె చూపు ముందు చేపల మీదకి వెళ్ళలేదు. మూలనున్న రాగి చుట్టల మీదకి వెళ్ళింది.

"ఇరవై ఆరు!" అన్నాడు నాన్న టార్చి పట్టుకునే లేచి. "పాయింటు అటూ ఇటూ కదలదు. రొయ్య ఇక్కడే ఎక్కడో ఉంది, చొక్కా మార్చి..."

అమ్మ సంచీ కింద పెట్టలేదు. నత్త వైపు తిరిగింది. "రాసుకున్నావు కదే?"

నత్తకి నేల తప్ప ఏమీ కనిపించలేదు. "రాసుకున్నాను" అంది.

"ఏం రాసుకున్నావ్?" అన్నాడు నాన్న.

నత్త పిడికిలి విప్పింది. చెప్పాల్సిన మాట అప్పుడొచ్చింది, ఎవరూ ఆపకుండానే, చాలా సులువుగా. "రాగి విషం, నాన్నా."

నాన్న వంగి ప్లగ్గు పీకేశాడు. "నీకు ముందే తెలుసా? తెలిసి... నాకెందుకు చెప్పలేదే? నేనేమన్నా తిడతానా? ఎప్పుడన్నా తిట్టానా?"

"దాన్నేం అనకండి" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఎలా చెబుతుంది? పదహారేళ్ళు నేనే చెప్పలేకపోయాను."

"నీకోసమే చేశాను."

"తెలుసండీ. అన్నీ నాకోసమే చేశారు."

అప్పుడు ఆమె సంచీ కింద పెట్టింది. నత్త గుండె ఒక్క ఉదుటున లేచింది. కానీ అమ్మ పెట్టింది చేతులు ఖాళీ కావాలని. గాజులు తీసి కిటికీలో పెట్టింది. నీళ్ళు మార్చడానికి కలిపి ఉంచిన బకెట్టులోంచి రాగి తగలని ఉప్పునీళ్ళు ప్లాస్టిక్ కవర్లోకి పట్టి, చేపలు రెండింటినీ వలతో పట్టి అందులో వేసింది. గాలి నింపి, మూతి మెలితిప్పి రబ్బరుబ్యాండు బిగించింది. తొమ్మిదేళ్ళు చేసిన పని, చూస్తుండగానే అయిపోయింది. "ఇవి ఇంకా బతికే ఉన్నాయి. దుకాణంలో ఇచ్చేస్తాను."

"మిగతావన్నీ కడిగేస్తాను" అన్నాడు నాన్న గబగబా. "రాళ్ళు, ఇసుక, అన్నీ. మళ్ళీ మొదట్నుంచి పెడదాం."

"ఆ రాళ్ళు ఇక పనికిరావు. రాగిని పీల్చుకుని ఉంటాయి. ఎంత కడిగినా కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటాయి."

ఆమె నత్త పక్కన కూర్చుని, దాని పిడికిట్లోంచి రొయ్యని తీసుకుని పాత కాగితంలో చుట్టింది. చాలాసేపు కూతురి వేళ్ళు పట్టుకుంది. "నీ తప్పు కాదే. కానీ నువ్వు నాలా అయిపోకు" అంది. "సెలవులివ్వగానే వచ్చెయ్యి." నత్త, ఉండిపో అమ్మా అనాలనుకుంది. రెండే మాటలు. గొంతుదాకా వచ్చాయి. అమ్మ కాసేపు చూసింది కూడా, ఏదో వింటానన్నట్టు. తర్వాత గాజులు తొడుక్కుంది.

గుమ్మంలో నాన్న అడ్డు నిలబడలేదు. సంచీ అందుకోబోయాడు, ఆమె ఇవ్వలేదు. విప్పని సంచీ ఒక చేత్తో, చేపల కవరు ఇంకో చేత్తో పట్టుకుని, నీళ్ళు కుదుపుకి లోను కాకుండా మెల్లగా నడుచుకుంటూ అమ్మ వీధి మలుపు తిరిగింది.

రెండు రోజులు ఆ తొట్టె జోలికి ఎవరూ పోలేదు. మూడో సాయంత్రం నాన్న రబ్బరు గొట్టం, బకెట్టు తెచ్చి తొట్టె ముందు నిలబడ్డాడు. గొట్టం ఒక కొస నీళ్ళలో పెట్టి, ఆగి, మళ్ళీ తీశాడు.

"నత్తమ్మా, ఈ నీళ్ళు పారబొయ్యనా, వద్దా?"

పని మొదలుపెట్టేముందు నాన్న ఎవరినైనా అలా అడగడం నత్త పుట్టాక చూడలేదు. "అమ్మని అడుగు నాన్నా" అంది.

ఆయన తడి చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక అమ్మ ఎత్తింది. "అదే... తొట్టెలో నీళ్ళు..." అని తడుముకుని, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడి అడిగాడు. "పారబొయ్యమంటావా? ఉంచమంటావా? నువ్వెలా అంటే అలా చేస్తాను."

అవతల మాట చిన్నదే. పక్కనున్న నత్తకీ స్పష్టంగా వినిపించింది.

"మీ ఇష్టం."

నాన్న ఫోన్ కింద పెట్టి, గొట్టం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. నత్త వంటగదిలోకి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. మూడు రోజుల ఎండకి తొట్టెలో మట్టం రెండు వేళ్ళు దిగింది. నల్ల టేపుని అందుకునేదాకా మెల్లగా పోసింది.